ఒంటిచేత్తో బానెట్టు

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. గరివిడిలో ఎలీషాను ఎరిగినవాళ్లెవరూ ఆ సామెతకి అడ్డం చెప్పరు. ఆ మొండితనాన్ని భరించిన అతని భార్య జ్ఞానసుందరి ఎంత బలవంతురాలో మాత్రం ఏ సామెతా చెప్పలేదు, అదీ మన ధర్మం!

ఎలీషాకి ఒక పాత సుమో ఉండేది. ఇరవై ఏళ్లు దాన్ని బాడుగకి తోలాడు. నొప్పులొచ్చిన ఆడవాళ్లని విజయనగరం ఆసుపత్రికి చేర్చాడు, ఫ్యాక్టరీవాళ్లని రైలుకి అందించాడు, శ్రీరామనవమికి జనాన్ని రామతీర్థం తిప్పాడు. "బాప్టిస్టు సంగపోడివి, రాములోరి కొండకి దారి మాకంటే నీకే బాగా తెలుసునురా" అని ఊళ్లోవాళ్లు ఆటపట్టిస్తే, "ఎక్కించుకున్నాక ఎక్కడికైనా దించాల్సిందే కదేటి" అని నవ్వేసేవాడు. తెల్లారగానే బానెట్టు ఎత్తేవాడు. రేడియేటరులో నీళ్లు, ఇంజను ఆయిలు చూసుకుని, ఇంజను మీద చెయ్యి వేసి, ఆ రోజు బండెక్కబోయేవాళ్ల కోసం ప్రార్థన చేసేవాడు. అది కానిదే తాళం తిప్పేవాడు కాదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటేడు అతనికి పక్షవాతం వచ్చింది. ఎడమకాలు కొంత తేరుకుంది, ఈడ్చుకుంటూ నడిచేవాడు. ఎడమచెయ్యి తేరుకోలేదు. బండి ఇంటిముందు ఖాళీ జాగాలో పట్టా కప్పుకుని ఉండిపోయింది. సుమో బానెట్టంటే బరువు. ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో కింద ఇనపకడ్డీ ఆనించాలి. అది ఇక అతని వల్ల అయ్యే పని కాదు. రోజూ పొద్దున్నే లేచి, మూసిన బానెట్టు మీద చెయ్యి వేసుకుని నిలబడేవాడు.

"అమ్మేద్దాం మావా. నువ్వలా నిలబడుంటే నేను సూడలేకపోతన్నాను" అనేది సుందరి. ఆమె భయం ఆమెది. తను ఇంట్లో లేనప్పుడు స్టీరింగు ముందు కూర్చుంటాడేమోనని తాళాలు కొంగున కట్టుకుని తిరిగేది.

"తోలనే. దాని మంచీసెడ్డా సూసుకుంటాను, అంతే. బానెట్టు నేనే ఎత్తుతాను, నేనే దించుతాను. సాయానికి నిన్ను పిలిసిన నాడు అమ్మేయ్. అందాకా దాని మాట ఎత్తకు."

సుందరి సరేనంది. ఒట్లు పెట్టుకోకూడదని వాళ్ల సంఘంలో బోధ. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే. అందుకని అతను ఒట్టు పెట్టలేదు, మాటిచ్చాడు.

మెకానిక్కు అప్పలసూరి వరసకి ఏమీ కాకపోయినా చిన్నప్పటినుంచీ ఎలీషాని బావా అనే పిలుస్తాడు. అతను వైజాగు పోయి రెండు గ్యాసు రాడ్లు తెచ్చాడు. కొత్తకార్ల డిక్కీ తలుపుని పైకి లేపి నిలబెడతాయే, ఆ నల్లగొట్టాలు. పాత ఇనపకడ్డీ ఆనించే ఉంచి పని మొదలెట్టాడు. "ఇవి రెండూ బిగిసేదాకా కడ్డీ తియ్యకూడదు బావా. దేన్నో నమ్మి బానెట్టు కింద తలెట్టకూడదు" అన్నాడు. కడ్డీ ఉన్నా సరే, సుందరిని కూడా బానెట్టు పట్టుకోమన్నాడు. పల్చటి రేకుని నమ్మకుండా దళసరి ఇనుముకే బోల్టులు బిగించాడు. రెండూ బిగిశాక, గొట్టానికి అడ్డొస్తున్న పాత కడ్డీని కోసేశాడు. అప్పుడు కూడా ధడేలున మూసెయ్యలేదు. కొంచెం కొంచెం దించుతూ, గొట్టం ఎక్కడైనా తగులుతోందేమోనని వంగి వంగి చూశాడు.

తర్వాత ఎలీషా వచ్చి కుడిచేత్తో బానెట్టు ఎత్తాడు. జానెడు ఎత్తేసరికి అది తనంతట తనే పైకి పోయి నిలబడింది.

"ఓలమ్మో! సూడే సుందరీ, దానిపాటికదే లెగిసిపోనాది!"

ఆ పూట అతని ప్రార్థన పక్కింటిదాకా వినిపించింది. బండెక్కబోయేవాళ్లు ఎవరూ లేరు. అయినా చేశాడు.

దించడం దగ్గరే వచ్చింది తంటా. ఆ రాడ్లు పైకే తన్నిపెడతాయి. వాటిని అణిచి, బానెట్టుని రెండు చేతులా సమంగా కిందికి లాగాలి. ఒక పక్కనుంచి లాగితే రేకు మెలిపడుతుంది. అప్పలసూరి నడిమధ్య నవారు కట్టి ఇచ్చాడు. ఎలీషా ఒంటిచేత్తో లాగితే సగందాకా వచ్చేది, అంతలో ఎడమకాలు వణికి పట్టు జారేది, బానెట్టు మళ్లీ పైకి పోయేది.

అప్పలసూరి ఇంకోసారి వైజాగు పోయి తక్కువ బలం రాడ్లు తెచ్చి బిగించాడు. ఈసారి ఎలీషా ఎత్తాడు, దించాడు. పెళ్లికొడుకులా వెలిగిపోయాడు, పాపం! అప్పలసూరి మాత్రం బానెట్టు మళ్లీ ఎత్తించి, అతన్ని దూరంగా నిలబెట్టాడు. గాలి విసిరికొడితే ఆగుతుందో లేదోనని చీపురుకర్రతో అంచుని ఒక్క పోటు పొడిచాడు. ధడాలున పడింది.

"ఇప్పుడు నీ తల దానికింద ఉంటే ఏటైపోదువు బావా? అడ్డమెట్టడానికి రెండో సెయ్యేదీ?"

"నా తల, నా ఇష్టం. ఉండనీరా."

"ఉండనివ్వను. తిడితే తిట్టు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. తలని కాసే రాడ్లు అతని చేతికి లొంగవు, చేతికి లొంగే రాడ్లు తలని కాయవు. అప్పలసూరి మళ్లీ గట్టివే బిగించాడు. "లాగుతా ఉండు బావా, అలవాటైపోతాది" అన్నాడు గానీ ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

మర్నాడు పొద్దున్నే ఎలీషా బానెట్టు ఎత్తి, నీళ్లు చూసి, ప్రార్థన ముగించి నవారు పట్టుకున్నాడు. లాగాడు, జారింది. లాగాడు, జారింది. ఇంతలో ఉన్నట్టుండి వాన దిగింది. వంటింటి కిటికీలోంచి సుందరి చూస్తూనే ఉంది. పిలవందే పోతే ఎంత చిన్నబుచ్చుకుంటాడో ఆమెకి తెలుసు. పొయ్యి ముందు నిలబడి ఏడుస్తూ గంజిలో గరిటె తిప్పింది.

ఎలీషా మోకాలు మడతపడి బురదలో కూలబడ్డాడు. నవారు వదల్లేదు. తనమీద ఎంత వాన కురిసినా ఓర్చుకునేవాడే. తెరుచుకున్న ఇంజను మీద కురుస్తుంటే ఓర్చుకోలేకపోయాడు. ఇరవై ఏళ్లు అన్నం పెట్టిన బండి అది.

"సుందరీ!"

ఆమె ఒక్క పరుగున వచ్చి, చేతిలో గరిటె కింద పారేసి బానెట్టు లాగి మూసింది. పట్టా కప్పింది. అతన్ని లేవదీసి అరుగు మీద కూర్చోబెట్టి కొంగుతో తల తుడిచింది. అమ్మేద్దాం అమ్మేద్దాం అని నెలల తరబడి పోరింది ఆవిడే.

"నాకు నేనే వచ్చాను మావా. వాన సూసి వచ్చేసాను. నువ్వు పిలవనేదు" అంది.

"పిలిసాన్నే."

"నాకినబళ్లేదు."

"అబద్దమాడకే, నీకు సేతకాదు. పిలిసాను, ఇన్నావు, వచ్చావు." కుడిచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "రేపు బేరగాడికి కబురెట్టు. ఆ రాడ్లు మాత్రం తీయించొద్దు. కొన్నోడికి రెండు సేతులుంటాయి కదా, సులువుగా మూసుకుంటాడు."