మా పిల్ల రాజనీతి చేస్తోందట

నిన్న సాయంత్రం కూరగాయలు తెచ్చుకుని వస్తుంటే, మా వెనక వరస క్వార్టర్లో ఉండే టీటీఈ గారి భార్య నన్ను గేటు దగ్గర ఆపింది. వాళ్ళబ్బాయికి ప్లస్ టూ అయింది, బి.ఏ.లో పొలిటికల్ సైన్స్ తీసుకుంటానని మొండికేసి కూర్చున్నాడట. ఇంజనీరింగ్ వద్దట, ఐటీఐ వద్దట. "మీ పాప అదే చదివింది కదా వదినా, అది చదివితే ఏటవుతారు?" అని అడిగింది. సంచీ బరువుగా ఉంది, పైగా టమాటాలు అడుగున పడ్డాయి. అయినా కాళ్ళు కదలలేదు. ఈ ప్రశ్నతో నేను కొన్నేళ్ళు కాపురం చేశాను. మరొకరి నోట వినేసరికి, తగ్గిందనుకున్న పంటినొప్పి మళ్ళీ సలిపినట్టయింది. తీరిగ్గా వచ్చి చెబుతానని ఇంటికొచ్చేశాను. తీరిగ్గా అంటే ఇదంతా చెప్పాలి.

మాది రైల్వే కుటుంబం. మా కాలనీలో మనుషులను పేర్లతో కాదు, ఉద్యోగాలతో గుర్తుపెట్టుకుంటాం. గార్డు గారి కోడలు, ఫిట్టర్ గారి తోడల్లుడు, షెడ్డులో పెదనాన్న. మా ఆయన గూడ్సు బండి లోకో పైలట్. మా అత్తగారికి మాత్రం ఇప్పటికీ డ్రైవరే. అలాంటి ఇంట్లో మా ఒక్కగానొక్క పిల్ల మంచి మార్కులు తెచ్చుకుని మరీ పొలిటికల్ సైన్స్ తీసుకుంది. నేను అన్నం మానేస్తానని బెదిరించాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, రెండు ముద్దలు తిన్నాక, "సదవనీ, ఏటవుతాదో సూద్దాం" అన్నారు. ఆయనకేం, ఆ మాట అనేసి బండి ఎక్కి వెళ్ళిపోతారు. చూసేదీ చచ్చేదీ నేను.

ఇక్కడ ఛత్తీస్‌గఢ్ కాలేజీల్లో ఆ చదువుని హిందీలో రాజనీతి శాస్త్రం అంటారు. ఆ ఒక్క మాట మా కొంప మీదికి తెచ్చింది. మా అత్తగారికి రాజనీతి అంటే రాజులు ధర్మంగా ఎలా ఉండాలో చెప్పే పురాణం. "నీతి సదువుతోంది, మంచిదే" అని మురిసిపోయింది. హిందీవాళ్ళకు రాజనీతి అంటే రాజకీయం. జెండాలు, మైకులు, జీపులు. పిల్ల రాజనీతి చదువుతోంది అన్న మాట మా గేటు దాటి, కిరాణా కొట్టు చేరి, నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళేసరికి రాజనీతి చేస్తోంది అయిపోయింది. నేను ఒకరిద్దరికి సర్ది చెప్పబోయాను. వాళ్ళు అచ్ఛా అచ్ఛా అని నవ్వి, నేతలందరూ మొదట్లో అలాగే అంటారన్నారు.

డిగ్రీ చేతికొచ్చాక అసలు కంగారు మొదలైంది. సలహాలకు కరువు లేదు. ఒకరు లా చేయమన్నారు, హైకోర్టు మన ఊళ్ళోనే ఉంది కదా అన్నారు. అది మళ్ళీ ఇంకో చదువు. ఒకరు పత్రికలో చేరమన్నారు. మా ఆడపడుచు లెక్చరర్ ఉద్యోగం అంది. దానికి ఎం.ఏ., ఆపైన ఇంకో పరీక్ష, ఆపైన పోస్టు పడాలి. కలెక్టరు అయిపొమ్మన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ జేబులో పోస్టు ఉన్నట్టు. పిల్ల ఊళ్ళోనే తెలిపారాలో కలెక్టరు పరీక్ష కోచింగ్‌కి వెళ్ళింది. మొదటి పరీక్ష గట్టెక్కింది, రెండోది తప్పింది. రైల్వే పరీక్ష కట్టమని నేను పోరుతూనే ఉన్నాను. కట్టింది, రాసింది, రాలేదు. ఎదుటివాళ్ళ పిల్లలు ఒక్కొక్కరే అపాయింట్‌మెంట్ తెచ్చుకుని మిఠాయి డబ్బాలతో వస్తుంటే, నా వాటా లడ్డూ అత్తగారి చేతిలో పెట్టేసేదాన్ని. మా ఆయన రిటైర్మెంట్ దగ్గర పడుతోంది. ఆయన రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి. ఆ లోపల దీని కాళ్ళ మీద ఇది నిలబడకపోతే ఎలాగన్నదే నా బెంగ. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లో మాకు పాలు పోసే ఆవిడ, లాల్‌ఖదాన్‌లో ఉంటుంది, డబ్బా కింద పెట్టి గుమ్మంలో కూర్చుంది. ఆమెకు వితంతు పింఛను ఆగిపోయిందట. రాజనీతి చేసే దీదీతో ఒక మాట చెప్పించమంది. మీ దీదీ ఏ నేతా కాదమ్మా అని నేను చెబుతుండగానే, లోపలి నుంచి మా పిల్ల వచ్చి ఆవిడ పక్కన కూలబడింది. ఎప్పుడు ఆగింది, ఏ ఆఫీసులో అడిగావు, ఏమన్నారు అని ఆరా తీసి, మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళింది. తిరిగీ తిరిగీ, ఆ పింఛను మళ్ళీ వచ్చేట్టు చేసింది. ఇంకేం, వారం తిరక్కుండా మా ఇంటి ముందు చెప్పులే చెప్పులు. కుళాయి రాలేదని ఒకరు, రేషన్ కార్డులో పేరు పోయిందని ఒకరు. మా అత్తగారు అందరికీ టీలు. రైల్వేలో ఉన్నవాళ్ళు రాజకీయాల జోలికి పోకూడదు, ఎవరైనా పైకి ఫిర్యాదు కాగితం పెడితే మా ఆయన ఉద్యోగం ఏమవుతుంది? ఇది పార్టీ ఆఫీసు కాదే, క్వార్టరే అని మొత్తుకునేదాన్ని. "మమ్మీ, టెన్షన్ మత్ లో, కంగారెందుకు. నేను ఎవరికీ ఓటెయ్యమని చెప్పడం లేదు, దారి చెప్తున్నానంతే" అనేది.

ఆ ఆఫీసుల చుట్టూ తిరగడంలోనే ఒక స్వచ్ఛంద సంస్థ ఆవిడ దీన్ని చూసి, మాతో పనిచేస్తావా అని అడిగింది. పని ఇక్కడికి కొన్ని స్టేషన్ల అవతలి కోటా చుట్టుపక్కల పల్లెల్లో. పంచాయతీలకు గెలిచిన ఆడవాళ్ళకు వాళ్ళ అధికారాలేమిటో చెప్పి, సభ వాళ్ళే నడుపుకునేలా చూడాలి. ఏడాదికి ఒప్పందం, నచ్చితే మళ్ళీ ఏడాది. రైలు పాసు లేదు, క్వార్టరు లేదు, పింఛను లేదు. కాగితం మీద ఉద్యోగం పేరు ఫీల్డ్ కోఆర్డినేటర్. మా ఆడపడుచు పొలం పనులు చూసే ఉద్యోగమనుకుని, ఎండలో నల్లబడిపోతుందని బాధపడింది. నేను రైల్వే పరీక్ష మళ్ళీ కట్టమన్నాను. కట్టి, కోటాలో గది తీసుకుంది.

అక్కడ సర్పంచ్ పతి అని ఒక పదవి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఏ చట్టంలోనూ లేదట, ప్రతి ఊళ్ళోనూ ఉందట. భార్య సర్పంచ్‌గా గెలుస్తుంది, మొగుడు కుర్చీలో కూర్చుంటాడు. ఆవిడ ఇంట్లో వంట చేస్తుంటుంది, కావాలంటే సంతకానికి పిలుస్తారు. మా పిల్ల ఉద్యోగం ఆ మొగుళ్ళను కుర్చీలోంచి లేపడం. బండి నడిపేవాడికి కనీసం ముందు సిగ్నల్ ఉంటుంది. వీళ్ళకేముంది?

పోయిన వానాకాలం ఒక సాయంత్రం ఫోన్‌లో మాటవరసకు అన్నట్టు చెప్పింది, ఒక ఊళ్ళో సర్పంచ్ పతి మీదికి వచ్చి అరిచాడని, మర్నాడు సభ అక్కడేనని. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేస్తే స్విచాఫ్. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, బండి మీద ఆయన ఫోన్ ఎలాగూ కట్టేసి ఉంటుంది. అత్తగారికి చెప్పకుండా చీర మార్చుకుని, కట్నీ వైపు వెళ్ళే పాసింజర్ ఎక్కాను. కోటా దాకా నేను మొక్కని దేవుడు లేడు. ఎలాగైనా సరే, పిల్లను సామానుతో సహా వెనక్కి తెచ్చేయాలని నిశ్చయించుకున్నాను.

కోటాలో దాని గదికి వెళ్తే, దానితో పనిచేసే ఒక అమ్మాయి నన్ను స్కూటీ మీద ఆ ఊరికి తీసుకెళ్ళింది. రాత్రి వానకు ఫోన్ తడిసి చచ్చిందట, అంతే. హమ్మయ్య అనుకునేలోపే చూస్తే, పంచాయతీ భవనం వసారా నిండా మగవాళ్ళు. గుమ్మానికి అడ్డంగా ఎత్తుగా ఒకాయన, ఆ అరిచినాయనేనట. ఎదురుగా మా పిల్ల. చేతులు కట్టుకుని, మెల్లగా, "భయ్యా, ఆప్ బాహర్ బైఠియే" అని ఆయన్ని బయట కూర్చోమంటోంది. ఆయన మా పిల్లను చూశాడు, లోపల ఉన్న ఆడవాళ్ళను చూశాడు, బయట తన వాళ్ళను చూశాడు. చివరికి వసారాలోనే గోడకు ఆనుకున్నాడు, చెవి మాత్రం లోపలే.

లోపల కుర్చీలో సర్పంచ్, సన్నగా, ముక్కు దాకా కొంగు లాక్కుని కూర్చుంది. తేలాల్సింది ఒకే విషయం, చేతిపంపు ఎక్కడ వేయాలన్నది. మొగుడు తన పొలం దగ్గర వేయమంటున్నాడు. మా పిల్ల ఆమెను, మీరేమంటారని అడిగి ఊరుకుంది. ఆమె మాట్లాడదు. ఇది కూడా మాట్లాడదు. వానచుక్కలు రేకు మీద పడుతున్నాయి. నాకైతే పిచ్చెక్కిపోయింది. నువ్వే ఏదో ఒకటి చెప్పేసి బయటపడవే తల్లీ అని లోలోపల వేడుకుంటున్నాను. ఇది కదలదు. ఎంతసేపటికో ఆ కొంగు కింద నుంచి, బోరింగు బడి దగ్గరే వేస్తారని ఛత్తీస్‌గఢీలో సన్నగా మాట వచ్చింది. ఇంకోసారి, కాస్త గట్టిగా. ఆడవాళ్ళందరూ చేతులెత్తారు. బయట మోటారు సైకిల్ ఒకటి పెద్ద చప్పుడుతో వెళ్ళిపోయింది. సంతోషించాలో భయపడాలో తెలియక, నేను భయపడటమే ఎంచుకున్నాను, అలవాటైన పని కాబట్టి.

సాయంత్రం కోటా స్టేషన్‌లో బల్ల మీద కూర్చుని, వచ్చెయ్యవే అన్నాను. రానంది. కోపంగా కాదు, నా చెయ్యి పట్టుకునే అంది. "పోనీ, అడిగినోళ్ళకి నువ్వేటి చేస్తన్నావని చెప్పనే?" అన్నాను. "ముఝే భీ నహీ పతా మమ్మీ, ఏం చెప్పాలో నాకూ తెలీదు. నాకూ భయంగానే ఉంటాది. రోజూ" అంది. అంతవరకూ ఇంట్లో భయం నా ఒక్కదాని సొత్తనుకున్నాను. ఇక రమ్మని బతిమాలలేదు. ఒక్కదాన్నే బండి ఎక్కాను.

ఇంటికొచ్చి అత్తగారి దగ్గర కూర్చుని దాచినదంతా చెప్పి ఏడ్చాను. పేరు లేని ఉద్యోగం, ఏడాదికి మించి నమ్మకం లేని ఉద్యోగం, ఊళ్ళో మగాళ్ళ కోపం. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విని, "మా యత్తా ఇలాగే ఏడిసింది" అంది. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వే షెడ్డులో ఖలాసీగా చేరినప్పటి మాట. "నాగలొగ్గీసి ఇనపబండి కాడ ఏటి సేత్తాడే నా కొడుకు, అది నాలుగు నాళ్ళుంటాదా అని గుమ్మంలో కూకుని ఏడిసీది. ఊళ్ళో అడిగినోళ్ళకి ఏటి సెప్పాలో తెలక, బొగ్గు యాపారం సేత్తన్నాడని సెప్పీసింది."

మా పిల్ల ఒప్పందాన్ని ఈ ఏడాదికి మళ్ళీ పొడిగించారు. వచ్చే ఏడాది సంగతి దానికీ తెలియదు, నాకూ తెలియదు. రేపు టీటీఈ గారి భార్యకు ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. ఖలాసీ అన్న మాట మా ఇంట్లో ధీమాగా వినబడటానికి ఒక తరం పట్టింది. ఆ ధీమాను మేం చూశాం గాని, గుమ్మంలో కూర్చుని ఏడ్చిన ఆవిడ చూడలేదు.