తిన్నావా అమ్మా

ఎడిసన్‌లో రైలెక్కి మా అక్కతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాను. పక్క సీట్లోని అమ్మాయి నా వైపు తిరిగింది. పాతికేళ్లుంటాయేమో.

"ఆంటీ, యూ స్పీక్ తెలుగు, రైట్?"

అవునన్నాను. తన కథంతా ఇంగ్లీషులోనే చెప్పింది. రెండు భాషలైతే పిల్ల తికమకపడుతుందని చిన్నప్పుడు ఎవరో టీచర్ అంటే, వాళ్ల నాన్న ఇంట్లో తెలుగు మానేశారట. ఆ సలహా ఇచ్చినవాళ్ల మీద నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈమధ్య ఆయనకు స్ట్రోక్ వచ్చింది. ఇంగ్లీషు పూర్తిగా పోయి, చిన్ననాటి తెలుగొక్కటే మిగిలింది. అది కూతురికి రాదు.

ఫోన్‌లో రికార్డు చేసుకున్న ఆయన గొంతు వినిపించి అర్థం చెప్పమంది. మాట ముద్దగా ఉన్నా తెలుస్తోంది. "తిన్నావా అమ్మా? తిన్నావా?"

"నువ్వు తిన్నావా అని అడుగుతున్నారమ్మా."

ఆమె ముఖం పాలిపోయింది. ఆయన వేళ్లు నోటిదాకా తెచ్చి ఆ మాట అన్నప్పుడల్లా, ఆకలేస్తోందనుకుని స్పూన్‌తో తినిపించబోయేదట. ఆయన చెయ్యి తోసేసేవారట.

"నేను ఏం చెప్పాలి?" అని ఇంగ్లీషులో అడిగింది.

"తిన్నాను నాన్నా, అను."

కూడబలుక్కుంటూ నేర్చుకుంది. ఆమె దిగబోతుంటే, "హాస్పిటల్‌కేనా?" అన్నాను.

"నో ఆంటీ. ఫ్యూనరల్ హోమ్."

రైలు కదిలింది. ప్లాట్‌ఫాం మీద నడుస్తున్న ఆమె పెదాలు ఇంకా ఆ రెండు మాటలే వల్లిస్తున్నాయి.