మాటల జన్యువు, మా అత్త వంశం

మా వాడికి రెండున్నరేళ్లు నిండినా మాట రాలేదు. కావలసిన దానివైపు వేలు చూపించి ఊరుకునేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. అప్పుడు నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని.

ఆ రోజుల్లోనే మాటకు సంబంధించిన జన్యువొకటి బయటపడిందని పత్రికలో చదివాను. పేరు ఫాక్స్ పీ టూ. అందులో లోపమున్న ఒక ఇంగ్లండు కుటుంబంలో తరతరాలుగా చాలామందికి నోరు తిరగదట. వ్యాసం పూర్తయ్యేసరికి మా వాడి సమస్యేమిటో నాకు తేలిపోయింది. అది ఎవరివైపు నుంచి వచ్చిందో కూడా తేలిపోయింది. మా పుట్టింట్లో అందరం వాగుడుకాయలం. మా ఆయన నోరు విప్పడమే అరుదు.

ఆదివారం పిల్లాణ్ణి తీసుకుని మేమిద్దరం చిత్తూరు దగ్గర అత్తగారి ఊరికి వెళ్లాం. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్త పక్కన చేరి, "మీ వంశంలో మాట సరిగా రానోళ్లు ఎవరన్నా ఉండారా అత్తా?" అని అడిగాను.

"మీ మామ ఉండాడు గదా. పెండ్లయినాక ఎన్నాళ్లకో నాతో మాట్లాడినాడు."

"ఏమన్నాడు?"

"చారులో ఉప్పు ల్యాదు అన్నాడు."

నాకు సాక్ష్యం దొరికింది. లోపాలు, తరాలు అంటూ అత్తకు పాఠం మొదలుపెట్టాను. చిక్కుడుకాయలు అయిపోయాయి గానీ పాఠం అవలేదు. చివరికి మా ఆయనే, "ముందు డాక్టరుకు సూపిస్తాం" అన్నాడు.

తిరుపతిలో పిల్లల డాక్టరు వాడి చెవులు పరీక్షించి, బొమ్మ బస్సొకటి చేతికిచ్చాడు. "ఇదేంది నాయనా?"

"బస్సు సార్" అన్నాను.

"ఏం రంగు?"

"ఎరుపు."

"అమ్మా, నేను పిల్లోణ్ణి అడుగుతుండా."

సిగ్గు పడాల్సిందిపోయి ఆయనకు కూడా జన్యువు గురించి చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. "అట్లాంటి లోపం శానా అరుదమ్మా. వీడు బాగా వింటాడు, చెప్పింది అర్థం చేసుకుంటాడు. కొందరికి మాట నిదానంగా వస్తాది. అడిగినాక మీరు కాసేపు ఊరకుండండి, వాణ్ణి చెప్పనీండి."

మా ఆయన కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

ఊరకుండటం నాకు చేతకాలేదు. బిస్కెట్టు చూపించి, వాడు పెదవి కదిపేలోపే, "బిస్కెట్టా కన్నా, ఇంద" అనేసేదాన్ని. ఇంతలో కాలేజీలో పరీక్షల ముందు అదనపు క్లాసులు చెప్పి చెప్పి నా గొంతు పూర్తిగా పోయింది. అదే నా కొడుక్కి కలిసొచ్చింది.

ఆ వారంలోనే వాణ్ణి వెంటబెట్టుకుని అత్తగారి ఊరినుంచి బస్సులో తిరిగొస్తున్నాను. మా వీధి దగ్గర దిగాలి. ముందు దిగినవాళ్ల వెనక నేను లేచేసరికే కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదిలింది. నేను నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. చంకలో ఉన్న మా వాడు నా మొహంలోకి చూశాడు. కాసేపు ఎదురుచూశాడు కూడా. తర్వాత కండక్టరు వైపు తిరిగి, "బస్సాపు" అన్నాడు.

బస్సు ఆగింది. దిగి, రోడ్డు పక్కన వాణ్ణి గట్టిగా పట్టుకుని ఏడ్చాను. మెచ్చుకోవడానికి గొంతు లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు వాడు మళ్లీ ఏమీ మాట్లాడలేదు. వేసవి సెలవుల్లో ఒక్కసారిగా అందుకున్నాడు. అప్పటికి నా గొంతు బాగైంది గానీ, ఇంట్లో మాట్లాడే వంతు మాత్రం నాకు రావడం తగ్గిపోయింది.