తమ్ముడికి గుర్తున్న బావి

దయ్యాలంటే నాకు భయమూ లేదు, ఆసక్తీ లేదు. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. ఏదైనా ఆగిపోతే ఎక్కడో ఒకచోట కారణం దొరికి తీరుతుందని నమ్మేవాడిని. ఈ ఒక్క సంగతికే దొరకలేదు.

తొంభైల చివర్లో మా తమ్ముడు యాదగిరికి మెదడులో గడ్డ ఉందని తేలింది. అప్పటికి వాడికి ఇరవై ఏడేళ్లు. లేత్ మిషన్ మీద మంచి పనివాడు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి, తర్వాత ఆరు వారాలు తలకు రేడియేషన్ ఇచ్చారు. మా ఊరు రుద్రారం నుంచి బస్సులో నేనే తీసుకెళ్లేవాడిని. తల కదలకుండా బల్లకు బిగించి, అందరూ బయటకు వచ్చి తలుపు మూసేవారు. లోపల వాడొక్కడే.

డాక్టర్ ముందే చెప్పారు. గడ్డతో పాటు పక్కనున్న మంచి భాగానికీ దెబ్బ తగలొచ్చని, కొన్ని నెలలు పోయాక మతిమరుపు రావొచ్చని, ఆలోచన నెమ్మదించొచ్చని.

అలాగే అయింది. ఎనిమిదో నెల వచ్చేసరికి పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. చిన్ననాటి సంగతులు పూసగుచ్చినట్టు చెప్పేవాడు, కొత్తది ఒక్కటీ నిలిచేది కాదు. కొలతలు తప్పుతుంటే పని మాన్పించాం. మా సందు చివరి కిరాణా కొట్టుకు వెళ్లి, తిరిగి ఇంటికి దారి తెలియక ఎండలో నిలబడిపోయేవాడు.

ఆ రోజుల్లోనే ఒక మాట పట్టుకున్నాడు.

"అన్నా, సరోజకు చెప్పాలె. బాయి మీద మొద్దులు పుచ్చినయ్."

"ఏ సరోజరా?"

"వెలిమెల్ల ఉంటది."

వెలిమెలలో మాకు చుట్టాలు లేరు. వాడు ఆ ఊరు ఎన్నడూ వెళ్లలేదు. డాక్టర్‌ని అడిగితే, ఇలాంటి జబ్బులో మెదడు లేనివి కల్పించుకోవడం ఉంటుందన్నారు. కానీ ఏదీ గంటసేపు నిలవనివాడికి ఈ మాట మూడు వారాలు నిలిచింది. అన్నం ముందు నుంచి లేచి చెప్పులు వేసుకునేవాడు. "జల్దీ పోవాలె అన్నా, పోరి గాడనే ఆడుకుంటది."

తీసుకెళ్లి చూపిస్తే ఈ ధ్యాస వదులుతుందనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున స్కూటర్ మీద వెలిమెల తీసుకెళ్లాను.

ఊళ్లోకి రాగానే ఆపమని దిగాడు. మా సందులోనే దారి తప్పేవాడు, ఎవరినీ అడగకుండా రెండు మలుపులు తిరిగి ఒక పెంకుటింటి ముందు ఆగాడు. గేటు మీంచి చేయి లోపలికి పెట్టి, చూడకుండానే గడియ తీశాడు.

ముప్పై ఏళ్ల ఆమె బయటకు వచ్చింది. మా వాడు పరాయి ఆడవాళ్లను అక్కా అనకుండా పలకరించి ఎరగడు. ఆమెతో ఇంటి మనిషిలా అన్నాడు:

"సరోజా, పెరట్ల బాయి మీద మొద్దులు పుచ్చినయే. పిల్లను ఆడికి పోనియ్యకు."

ఆమె ముఖం పాలిపోయింది. "ఎవరు మీరు? మా పెరట్ల బాయేంది?"

నేను చేతులు జోడించి వాడి జబ్బు సంగతి చెప్పబోయాను. ఈలోగా వాడు పెరట్లోకి వెళ్లిపోయాడు. అక్కడ ఐదారేళ్ల పాప మట్టిలో ఆడుకుంటోంది. వాడు పాప రెక్క పట్టి ఇవతలికి లాగాడు. పాప ఏడుపు, సరోజ అరుపులు, పక్కింటి ముసలాయన పరుగెత్తుకు రావడం అన్నీ ఒక్కసారే జరిగాయి.

అక్కడేమీ లేదని వాడికి చూపిద్దామని, గోడకు ఆనించిన గడ్డపార తీసుకుని పాప కూర్చున్న చోటే పొడిచాను. మూరెడు లోతులో మెత్తటి కర్ర తగిలింది. రెండో పోటుకు గడ్డపార నా చేతుల్లోంచి జారి కిందికి పోయింది. కాసేపటికి నీళ్ల చప్పుడు వినిపించింది.

ముసలాయన తల పట్టుకున్నాడు. "నీ పెండ్లి కాకముందే మీ ఆయన మూసిండమ్మా. నీళ్లు వాసనొస్తున్నయని మొద్దులు పరిచి మట్టి పోసిండు. నేనే మర్చిపోయిన."

సరోజ పాపను గుండెకు హత్తుకుని అక్కడే కూలబడింది. ఆమె భర్త చనిపోయి రెండేళ్లయిందట. అతనికీ తలలో గడ్డే, అదే ఆస్పత్రి, అదే గదిలో రేడియేషన్. జబ్బు మొదలైన నెలలోనే మాట పడిపోయిందట. "ఏందో చెప్పాలని చెయ్యి పట్టుకుని గుంజేటోడు. నాకు సమజ్ కాకపోయేది," అంది.

అతనూ మా వాడూ ఆస్పత్రి బెంచీ మీద ఎప్పుడో కలుసుకుని ఉంటారని నాలో నేను సర్దిచెప్పుకున్నాను. ఆస్పత్రి కాగితాలు అడిగి తేదీలు చూశాను. మా తమ్ముడికి మొదటిసారి తలనొప్పి రావడానికి నాలుగు నెలల ముందే అతను పోయాడు.

తిరుగు దారిలో స్కూటర్ వెనక నుంచి యాదగిరి, "ఇది ఏ ఊరన్నా?" అని అడిగాడు. సరోజ పేరు మళ్లీ వాడి నోట రాలేదు.

తర్వాత వాడు మూడేళ్లు బతికాడు. ఆ కాగితాల నకళ్లు డాక్టర్‌కి చూపించాను. రెండుసార్లు చదివి తిరిగిచ్చారు. వాడి జ్ఞాపకాలు ఎలా పోయాయో ఆయన నాకు బొమ్మ గీసి వివరించారు. ఈ ఒక్కటి ఎలా వచ్చిందో ఆయనా చెప్పలేదు, నాకూ ఈనాటికీ తెలియదు.