ప్రసాద్ గారిని దాటని పరుగు

ఈ సాయంత్రం రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసుల వాళ్ళకి పరుగు పందెం పెట్టారు. టీముకు నలుగురు, నలుగురి టైమూ కలిపి లెక్క. మా టీములో నేను, శ్రీను, లత, మా మేనేజరు ప్రసాద్ గారు. మా ఆఫీసు టెస్టింగ్ టీముతో ముందే మాట అనుకున్నాం, ఓడినవాళ్ళు ఈ నెలంతా శని, ఆదివారాలు డ్యూటీ చెయ్యాలని.

మొదటి మలుపులోనే ప్రసాద్ గారికి ఆయాసం వచ్చేసింది.

"దాటేద్దామా?" అన్నాను మెల్లగా.

"వచ్చే నెల్లోనే అప్రైజల్స్. కావాలంటే నువ్వు దాటు," అన్నాడు శ్రీను.

ఎవరమూ దాటలేదు. పెళ్ళికొడుకు వెనక చుట్టాల్లా చివరిదాకా ఆయన వెనకే పరిగెత్తాం. మేం చేరేసరికి టెస్టింగ్ వాళ్ళు ఫొటోలు కూడా దిగేశారు.

ప్రసాద్ గారు గీత దాటగానే కూలబడ్డారు. "మీరు ముందుకెళ్ళిపోతే హాయిగా నడుచుకుంటూ వచ్చేవాణ్ణి కదయ్యా! వెనకాలే తరుముతుంటే ఆగడానికి సిగ్గేసి పరిగెత్తి చచ్చాను," అన్నారు.

తర్వాత స్టేషన్లో ఎస్కలేటర్ ఎక్కి, ఆయన ఎడమపక్క రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. కింద రైలు వచ్చి ఆగింది. నడిచి దిగేవాళ్ళ కోసం ఇక్కడ అందరూ వదిలేసే కుడిపక్కంతా ఖాళీగానే ఉంది. మేం ముగ్గురం ఆయన వెనకే నిలబడి, రైలు వెళ్ళిపోవడం చూశాం.

మీరైతే దాటేవాళ్ళా? మీ మేనేజరు ఈ పోస్టు చూడడనుకుని నిజం చెప్పండి.