బొమ్మకు ఏది ఎడమ?

ఆ ఆసుపత్రిలో ఆయన అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఊపిరి మాస్టారే. ఇరవై ఆరేళ్లుగా ఎక్స్‌రే గదిలో నిలబడి, వచ్చినవాళ్లందరికీ "ఊపిరి పీల్చండి... బిగబట్టండి... ఇక వదలండి" అని చెబుతున్న మనిషికి వేరే పేరెందుకు? విడిచిన చెప్పులు స్కేలు పెట్టి గీసినట్టుండేవి. భార్య పుట్టినరోజుకు ఒక ఏడాది గొడుగు కొనిచ్చి, మరుసటి ఏడాదీ గొడుగే తెచ్చారు. "నిరుడు బాగుందన్నావుగా!" అన్నారు.

ఎక్స్‌రే విభాగంలో ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. పదకొండేళ్లుగా ఆయన దానికోసం నోరు విప్పి అడగకుండా కాచుకుని ఉన్నారు. సరిగ్గా అప్పుడే మేనేజరు ఏదో శిక్షణ తరగతికి వెళ్లి, కొత్త జ్ఞానంతో తిరిగొచ్చాడు. మనుషులు రెండు రకాలట. ఎడమ మెదడువాళ్లది క్రమం, పద్ధతి. కుడి మెదడువాళ్లది ఊహ, కవిత్వం. ఇన్‌చార్జికి కావలసింది ఎడమ మెదడు.

అది తేల్చడానికి అందరికీ తలా ఒక కాగితం ఇచ్చాడు. దానిమీద మనిషి ముఖం బొమ్మ, నడినెత్తి నుంచి గడ్డం దాకా ఒక గీత, కింద ఇరవై ప్రశ్నలు. అవునంటే ఎడమ సగంలో చుక్క, కాదంటే కుడి సగంలో.

'బీరువాలో బట్టలు వరుసగా సర్దుతారా?' 'చెప్పిన టైముకు ముందే చేరతారా?' చదువుతుంటే మాస్టారికి తన జాతకం చదువుతున్నట్టే ఉంది. పంతొమ్మిది అవునులు పెట్టారు. 'పగటికలలకు దూరంగా ఉంటారా?' అన్నచోట మాత్రం ఇన్‌చార్జి కుర్చీ గుర్తొచ్చి, నిజాయితీగా కాదన్నారు.

శుక్రవారం మేనేజరు పిలిచి కాగితం చేతికిచ్చాడు.

"మాస్టారూ, పైకి ఇలా కనిపిస్తారు గానీ లోపల పెద్ద కవిగారండీ మీరు! పంతొమ్మిది చుక్కలు కుడివైపే."

"నేనాండీ?"

"మొహమాటపడకండి. కాకపోతే ఇన్‌చార్జి పని కవులకు పడదు కదా. మన స్కానింగాయనకు పద్దెనిమిది ఎడమవైపు వచ్చాయి. సోమవారం ఆర్డరు ఇచ్చేస్తాం."

పక్క గదిలో స్కానింగ్ చేసే ఆ మనిషి చేరి నాలుగేళ్లయినా కాలేదు.

ఇంట్లో సంగతి వేరుగా ఉంది. భార్య ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "నాకెప్పుడూ అనుమానమేనండీ, మీలో ఎక్కడో ఏదో ఉండే ఉంటుందని!" పెళ్లయ్యాక మొదటిసారిగా కర్టెన్ల రంగు ఎలా ఉందని ఆయన్ని అడిగింది.

"అచ్చం ఎక్స్‌రే ఫిల్ములా ఉంది."

"చూశారా! ఎంత బాగా పోల్చారో!"

ఆదివారం మధ్యాహ్నం మాస్టారు ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. ఫిల్ము చూసే అలవాటు కదా. బొమ్మలోని మనిషి తనవైపే చూస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డవాడి ఎడమ చూసేవాడికి కుడివైపు ఉంటుంది. ఎక్స్‌రే గదిలో మొదటిరోజు నేర్పే పాఠమిది. మాస్టారు బొమ్మలోని మనిషిని కూడా పేషెంటనుకుని, అతని ఎడమను చూసి చుక్కలు పెట్టారు. మేనేజరేమో కాగితానికి ఎడమ ఏదో చూసి లెక్కేశాడు.

"తప్పు దొరికిందే! ఎడమ కుడైంది!"

"అయితే వెళ్లి చెప్పండి."

"ఏమని చెప్పను? ఎక్స్‌రే తీసేవాడు ఎడమా కుడీ తారుమారు చేశాడనా? పోస్టు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం ఉంటుందా?"

"కవిగానే ఉండిపోండి మరి," అంది భార్య. ఆవిడకు అందులో నష్టమేమీ కనిపించలేదు.

సోమవారం ఆర్డరు మీద సంతకం పెట్టడానికి పెద్ద డాక్టరమ్మ మేనేజరు గదికి వచ్చింది. ఫిల్ములన్నీ చదివేది ఆవిడే. తప్పును తప్పుగా వదిలేయడం చేతకాక, మాస్టారు తలుపు దగ్గర నిలబడి, ఊపిరి బిగబట్టి, ఉన్నదంతా చెప్పేశారు.

మేనేజరు ముఖం పాలిపోయింది. "అమ్మో! అంటే ఇన్నాళ్లూ కుడికాలు బదులు ఎడమకాలు..."

"ఆగండి," అంది డాక్టరమ్మ. "స్కానింగాయన కాగితం ఏదీ?"

దాన్ని చూసి అతన్ని పిలిపించింది. "ఏమయ్యా, ఎదురుగా మనిషి ఉంటే అతని ఎడమ ఎటు?"

"నా కుడివైపండీ."

"మరి ఇక్కడ?"

"ఇది ఉత్త కాగితం కదండీ!"

"ఫిల్ము మాత్రం? అదీ కాగితంలాంటిదేగా! మాస్టారికి ఇక్కడ కూడా మనిషే కనిపించాడు."

కాగితాన్ని కాగితంలా చూసినందుకు పాపం స్కానింగాయనకు పోస్టు పోయింది. ఆర్డరులో పేరు కొట్టేసి మళ్లీ రాశారు.

మాస్టారు వరండాలోంచే భార్యకు ఫోను చేశారు.

"వచ్చిందే! నాది ఎడమ మెదడేనట!"



"సంతోషమండీ. అంటే మీలో కవిత్వంలాంటిదేమీ లేదని ఖాయమైపోయినట్టేనా?"

"ఖాయమే! పెద్ద డాక్టరమ్మే సంతకం పెట్టింది," అన్నారాయన, ఆనందం పట్టలేక.