ముప్పై ఎనిమిది శాతం

ఆ వీధిలో ఎవరి సంసారం ఎలా నడుస్తోందో ఇస్త్రీ అక్కకు వాళ్ళ చొక్కాలే చెప్పేవి. కాలరు విప్పి, తిరగేసి కుట్టించిన చొక్కా వచ్చిందంటే ఆ ఇంట్లో కొత్త బట్టలు కొనడం ఆగిపోయిందన్నమాట. ఒకే తెల్లచొక్కా వారంలో మూడుసార్లు వచ్చిందంటే ఎవరో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలకు తిరుగుతున్నారన్నమాట. తెలిసిన సంగతులన్నీ ఆమె కడుపులోనే దాచుకునేది. పెద్దలూ పిల్లలూ తేడా లేకుండా అందరూ ఆమెను "ఇస్త్రీ అక్కా" అనే పిలిచేవారు. బ్యాంకువాళ్ళు సంతకం పెట్టించుకున్నప్పుడు తప్ప అసలు పేరు ఆమెకే గుర్తొచ్చేది కాదు.

దుకాణం అంటే ఒక ఇనుప షట్టరు, ఒక పొడుగాటి బల్ల, దానిమీద పరిచిన దుప్పటి, గోడకు వేలాడే నీళ్ళ డబ్బా, దాన్నుంచి గొట్టంతో దిగిన ఆవిరి ఇస్త్రీపెట్టె. వెనక తలుపు తీస్తే ఇల్లు. రెండు గదులు. ఆవిరి చప్పుడు ఆగితే ఇంట్లోవాళ్ళకి ఏమైందోనని భయమేసేది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. అందరూ మేస్త్రీ అనేవారు. పెళ్ళికి ముందు నీలం యూనిఫాం ఇస్త్రీకి ఇవ్వడానికి ఆ దుకాణానికే వచ్చేవాడు. "గంటలో గ్రీజయ్యే బట్టలకి మడతలెందుకయ్యా?" అని ఆమె అడిగితే, "పైకెళ్ళేటప్పుడన్నా నీటుగా ఉండాలి కదా, దిగేటప్పుడు ఎలాగూ ఎవరూ చూడరు" అన్నాడట. ఆ మాటకే పడిపోయానని ఆమె కూతురికి ఎన్నోసార్లు చెప్పింది.

ఒకరోజు లిఫ్టు బాగుచేస్తూ మూడో అంతస్తు నుంచి గుంటలోకి పడ్డాడు. ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగి నడక కుంటుబడింది. భుజం దగ్గర నరం తెగి కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. కంపెనీ ఇచ్చింది ఆస్పత్రికే సరిపోయింది. ఆ తర్వాత కొండంత అండ అంటే వికలాంగుల భృతే. దాంతో అద్దె గడిచేది. ఆ భృతి కార్డు మీదే వారానికి రెండుసార్లు ఫిజియో అబ్బాయి ఇంటికొచ్చి చేతికి వ్యాయామం చేయించేవాడు. దుకాణం మీద తిండి, కూతురి చదువు నడిచేవి.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఆ ఆరేళ్ళలో మేస్త్రీ సాధించిన ఘనకార్యం ఒకటుంది. చొక్కా గుండీలు ఆ కుడిచేత్తో తనే పెట్టుకోవడం. ఫిజియో అబ్బాయి చూపిస్తే, ఇస్త్రీ అక్క రోజూ పక్కన కూర్చుని పెట్టించేది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి రావడానికే ఏడాది పట్టింది. మొదటిసారి పై గుండీ కాజాలో దూరినప్పుడు ఆయన ఇల్లెగిరిపోయేలా కూతుర్ని పిలిచాడు. ఆ చొక్కా రెండు రోజులు విప్పనివ్వలేదు.

అప్పుడొచ్చింది ఆ బడ్జెట్టు. ఖజానా ఖాళీగా ఉందనీ, అందరూ కాస్త ఓర్చుకోవాలనీ ఆర్థికమంత్రి టీవీలో చెప్పాడు. "ఆయన చొక్కా ఎవరు చేశారో గానీ భుజం దగ్గర ముడత వదిలేశారు" అంది ఇస్త్రీ అక్క. మేస్త్రీ పగలబడి నవ్వాడు. కరెంటు మీద పన్ను పెంచుతున్నారనీ, ఇంతకాలం పన్ను లేని చిన్న దుకాణాలకూ ఇకమీదట పన్ను ఉంటుందనీ, భృతి తీసుకునేవాళ్ళందరినీ మళ్ళీ పరీక్షిస్తారనీ కూడా అందులోనే చెప్పారు. నవ్వులో అది సరిగ్గా వినపడలేదు.

కరెంటు బిల్లు మాత్రం బాగానే వినపడింది. ఆవిరి పెట్టె కరెంటును నీళ్ళలా తాగుతుంది. ఆమె రకరకాల ఉపాయాలు చేసింది. నూలు బట్టలన్నీ ముందు చేసి, స్విచ్చి కట్టేసి, మిగిలిన వేడి మీద పల్చటి బట్టలు లాగించేది. ఎంత లాగినా గిట్టుబాటు కాక రేటు పెంచింది. పెంచిన వారంలోనే బట్టల మూటలు సగమయ్యాయి. ఖాతాదార్ల ఇళ్ళలోనూ వచ్చింది అవే బిల్లులు కదా.

లెక్కల మాస్టారు ఇరవయ్యేళ్ళ ఖాతాదారు. ఒక ఉదయం ఉత్త చేతులతో వచ్చి షట్టరు దగ్గర నిలబడ్డాడు.

"ఏం మాస్టారూ, బట్టలేవీ?"

"చొక్కాలు పరుపు కింద పెట్టుకుంటున్నానమ్మా. బాగానే ఉంటున్నాయి. నువ్వేమీ అనుకోకు" అన్నాడు.

"నేనేమనుకుంటాను మాస్టారూ. తడిగా ఉన్నప్పుడే పెట్టండి, మడత బాగా పడుతుంది" అంది. ఆయన వెళ్ళాక చాలాసేపు ఖాళీ బల్లను గుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది.

ఇంకో నెలకు మేస్త్రీకి పరీక్ష కాగితం వచ్చింది. మేస్త్రీ అక్క, అంటే ఇస్త్రీ అక్కకు వదిన, పక్క వీధిలోనే ఉంటుంది. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చింది.

"మరదలా, నా మాట విను. తమ్ముణ్ణి చక్కగా ముస్తాబు చేసి తీసుకెళ్ళకు. గడ్డం పెరగనీ. మాసిన చొక్కా వెయ్యి."

"బాగుంది వదినా! ఇస్త్రీ దుకాణం పెట్టుకుని మొగుణ్ణి ముడతల చొక్కాతో తీసుకెళ్తే నా పరువేం కాను?"

మర్నాడు లేత నీలం చొక్కాను గంజి పెట్టి మరీ చేసింది. చేతుల మీద మడతలు కత్తిలా నిలబడ్డాయి. బస్సులో ఆయన్ని చూసి ఎవరో లేచి సీటిచ్చారు. పెళ్ళికొడుకులా ఉన్నావని ఆమె ఆటపట్టించింది.

పరీక్ష జరిగే చోట పొడుగాటి హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, చేతిలో టోకెను. లోపల ఒక చిన్న డాక్టరమ్మ కంప్యూటర్లోకి చూస్తూ ప్రశ్నలు అడుగుతోంది. ప్రతిదానికీ అవును, కాదు అని రెండే గళ్ళు.

"చెయ్యి భుజం దాకా ఎత్తగలరా?"

"లేదండీ."

"చెంచా పట్టుకోగలరా?"

"పిడి లావుగా ఉంటే పట్టుకుంటానండీ."

"చొక్కా గుండీలు మీరే పెట్టుకుంటారా?"

"నేనే పెట్టుకుంటానండీ" అన్నాడు మేస్త్రీ, కుర్చీలో నిటారుగా కూర్చుని.

"ఏదీ, ఒకటి చూపించండి."

ఆయన పై గుండీ తీసి మళ్ళీ పెట్టడం మొదలుపెట్టాడు. నుదుట చెమట పట్టింది. గుండీ రెండుసార్లు జారింది. ఇస్త్రీ అక్క తనకు తెలియకుండానే ఒళ్ళో తన వేళ్ళు కూడా కదిపింది. మూడో నిమిషమో నాలుగో నిమిషమో, గుండీ దూరింది.

"చాలా బాగుంది సార్!" అంది డాక్టరమ్మ. మనస్ఫూర్తిగానే అంది. అవును అన్న గడిలో టిక్కు పెట్టింది. ఎంతసేపు పట్టిందని రాయడానికి ఆ కంప్యూటర్లో గడి లేదు. తిరిగొచ్చేటప్పుడు మేస్త్రీ బస్సు కండక్టరుకు కూడా ఆ సంగతి చెప్పాడు. ఇస్త్రీ అక్క కూడా మురిసిపోయింది. ఆ మురిపెం తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని తనను తాను తిట్టుకుందో!

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. వైకల్యం ముప్పై ఎనిమిది శాతం. భృతికి కొత్త నిబంధన ప్రకారం నలభై ఉండాలి. పై నెల నుంచి భృతి ఆగిపోతుంది, ఫిజియో కూడా. కూతురు చదువుతుంటే ఇస్త్రీ అక్క పెట్టె స్విచ్చి కట్టేసింది.

"ఎందుకు పెట్టావయ్యా ఆ గుండీ?" అంది.

"అడిగిందిగా. నిజం చెప్పాను."

"రాదని చెబితే నోరు పడిపోయేదా?"

"రెండేళ్ళు నాకు అదొక్కటేగా నేర్పావు! అదీ రాదని పరాయి మనిషి ముందు చెప్పమంటావా?"

"ఇద్దరూ ఆపుతారా!" అని కూతురు అరిచింది. మేస్త్రీ లోపలికెళ్ళి గోడకు తిరిగి పడుకున్నాడు. మర్నాటి నుంచి గుండీలు ముట్టుకోలేదు. చొక్కా వేసుకోమంటే, బనీను చాల్లెమ్మన్నాడు. ఆమె కూడా పంతం పట్టి బతిమాలలేదు. ఫిజియో అబ్బాయి రావడం మానేశాడు. మేస్త్రీ చెయ్యి ఒళ్ళో అలా పడి ఉండేది.

అప్పీలు చేసుకోవచ్చని ఉత్తరం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఇస్త్రీ అక్క దుకాణం మూసుకుని ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. అక్కడి గుమాస్తా మంచివాడే. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, ఈసారి ఆయన ఏమీ చెయ్యలేని మనిషిలా కనపడాలి. అర్థమైందా?"

అర్థమైంది. విచారణ రోజు పొద్దున ఆమె అదే నీలం చొక్కా తీసింది. నీళ్ళు చల్లి, పిడికిళ్ళతో పిండి, ఉండ చేసి కాసేపు దానిమీద కూర్చుంది. ఇరవై రెండేళ్ళ పనిలో ఒక చొక్కాను కావాలని నలపడం అదే మొదటిసారి. మేస్త్రీ గుమ్మంలో నిలబడి చూశాడు. వచ్చి వేసుకున్నాడు. గుండీలు ఆమే పెట్టింది.

బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కూర్చున్నాయన ఫైలు తిప్పి, గుండీ పెట్టి చూపించమన్నాడు. మేస్త్రీ భార్య చేత పై గుండీ తీయించుకుని, చెయ్యి కాస్త లేపి వదిలేశాడు.

"నాలుగు నెలల క్రితం పెట్టుకున్నారని ఇక్కడ రాసుందే?"

"ఫిజియో ఆగిపోయింది సార్. చెయ్యి బిగుసుకుపోయింది" అంది ఇస్త్రీ అక్క. పాఠం అప్పజెప్పినట్టు ఉందని ఆమెకే అనిపించింది.

"అబద్ధమని తేలితే ఇంతవరకూ తీసుకున్నదంతా మీరు వెనక్కి కట్టాల్సి ఉంటుందమ్మా. తెలుసా?"

మేస్త్రీ భార్య ముఖంలోకి చూశాడు. ఆమె చేతిలోని ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ మడతపెడుతోంది.

"ఆవిణ్ణేమీ అనకండి సార్. నాకొచ్చు. పెట్టి చూపిస్తాను" అన్నాడు.

చెయ్యి మెడదాకా తెచ్చుకోవడానికే ఎడమచేత్తో మోచెయ్యి ఎత్తి పట్టుకోవాల్సొచ్చింది. బొటనవేలు గుండీని తాకింది. చూపుడువేలు రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. వేళ్ళు కొయ్యముక్కల్లా పక్కపక్కన ఉన్నాయే గానీ ఒకదాన్నొకటి కలవలేదు. ఆయన ముఖంలోని ఆశ్చర్యం ఇస్త్రీ అక్కకు కనపడింది. ఇందులో నటన లేదని ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. "ఒక్క నిమిషం సార్... వచ్చేది సార్... మొన్నటిదాకా వచ్చేది" అంటున్నాడు మేస్త్రీ.

"చాల్లెండి. రోజంతా ఇలాంటివి చూస్తూనే ఉన్నాం" అని మధ్యలో కూర్చున్నాయన ఫైలు మూసేశాడు.

అప్పీలు కొట్టేశారు. రెండు నెలల అద్దె బాకీ పడేసరికి ఇస్త్రీ అక్క షట్టరు దించేసింది. వెనక గదుల్లో చిన్నది ఒక్కటి ఉంచుకున్నారు. ఒక పెద్ద ఆస్పత్రి లాండ్రీలో ఆమెకు పని దొరికింది. అక్కడ దుప్పట్లను రెండు చివర్లూ ఇద్దరు పట్టుకుని యంత్రం నోట్లోకి తోస్తే అటువైపు చదునుగా బయటికొస్తాయి. అన్నీ ఒకే తెలుపు, ఎవరివో తెలియదు. సాయంత్రానికి భుజాలు పడిపోయేవి. ఆమెను అక్కడ పందొమ్మిదో నంబరు అంటారు.

మేస్త్రీ ఇంట్లో ఒక్కడూ ఉన్నప్పుడు ఒకసారి బాత్రూంలో పడి గంటన్నర లేవలేక అక్కడే ఉండిపోయాడు. ఆ తర్వాత కూతురు పాలిటెక్నిక్కు వెళ్ళడం మానేసింది. ఇళ్ళ నమూనాలు గీయడం నేర్చుకుంటున్న పిల్ల. "ఒక్క ఏడాదేగా అమ్మా" అని తనే తల్లికి సర్దిచెప్పింది. పొద్దున్నే కూరగాయల దుకాణంలో బిల్లులు కొట్టి, తల్లి బయల్దేరే వేళకు ఇల్లు చేరుకునేది.

ఏడాది గడిస్తే మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. వదినే పోరుపెట్టి పెట్టించింది. ఈసారి డాక్టరు ఇంటికే వచ్చాడు. కుడిచేతి వేళ్ళు అప్పటికి అరచేతిలోకి ముడుచుకుపోయాయి. విప్పబోతే మేస్త్రీ పళ్ళు బిగించాడు. డాక్టరు ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. అరవై ఒక్క శాతం రాసి, కాగితం బల్ల మీద పెట్టాడు.

"అయితే పాసయ్యానన్నమాట" అన్నాడు మేస్త్రీ.

"ఇంత ముదిరేదాకా ఎందుకు ఊరుకున్నారమ్మా?" అని డాక్టరు అడిగాడు. ఇస్త్రీ అక్క గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది.

భృతి మళ్ళీ మొదలైంది, మునుపటికన్నా తగ్గించి. ఫిజియో మాత్రం ఆ పథకంలోంచి తీసేశారట. మొదటి నెల చేతికందగానే ఆమె ఒక పూట సెలవు పెట్టి, మేస్త్రీ దగ్గర వదినను ఉంచి, కూతుర్ని వెంటబెట్టుకుని పాలిటెక్నిక్ ఆఫీసుకు వెళ్ళింది. పిల్ల పేరు రిజిస్టర్లోంచి కొట్టేశారు. మళ్ళీ చేరాలంటే వచ్చే ఏడు కొత్తవాళ్ళతో పాటు మొదటి సంవత్సరంలోనే చేరాలని చెప్పారు.

"వద్దులేమ్మా, ఇల్లు గడవనీ" అంది కూతురు. వరండాలో నిలబడి, తలుపులోంచి డ్రాయింగు బల్లల వైపు చూస్తోంది.

"నోరు మూసుకుని సంతకం పెట్టు" అంది ఇస్త్రీ అక్క, మళ్ళీ చేరే దరఖాస్తు చేతికిచ్చి.

కూతురు సంతకం పెట్టింది. ఆమె ఆ కాగితాన్ని కిటికీలో ఇచ్చి, రసీదు అడిగి తీసుకుని, పిల్లను తండ్రి దగ్గరికి పంపించి, మధ్యాహ్నం షిఫ్టుకైనా అందుకోవాలని బస్‌స్టాపు వైపు గబగబా నడిచింది.